బండి చప్పుడు వింటే మంచం కిందికి దూరుతున్నాడు

ప్రశ్న: మాది తిరుపతి. మా చెల్లెల్ని చిత్తూరులో ఇచ్చాం. తాగొచ్చి కొట్టే మొగుడితో పద్దెనిమిదేళ్ళు కాపురం చేసి, రెండు నెలల కిందట పిల్లలిద్దర్నీ తీసుకుని మా ఇంటికి వచ్చేసింది. పిల్లల మీద ఆయన ఏనాడూ చెయ్యి చేసుకోలేదు. అయినా తొమ్మిదేళ్ళ పిల్లోడు రాత్రిళ్ళు పక్క తడుపుతున్నాడు. వీధిలో బండి చప్పుడైతే మంచం కిందికి దూరుతున్నాడు. మొన్న అక్క మీద చెయ్యెత్తి, వాళ్ళ నాయన తిట్టే తిట్లే తిట్టాడు. ఇంటర్ మొదటి సంవత్సరం చదివే అమ్మాయి ఏడవదు, నవ్వదు. అమ్మను వదిలి కాలేజీకి పోనంటుంది. "చిన్నపిల్లలు, నాలుగు రోజులైతే మర్చిపోతారు, గుర్తు చేయబాకండి" అంటుంది మా అమ్మ. వాళ్ళ నాయన రోజూ పిల్లోడికి ఫోన్ చేసి "అమ్మను రమ్మని చెప్పు" అంటాడు. దసరా సెలవులకు పిల్లల్ని పంపమని పెద్దమనుషులు అడుగుతున్నారు. ఏం చేయాలో తోచడం లేదు.

జవాబు: అమ్మా, ముందుగా ఒక్క మాట. చెల్లెలు వచ్చి తలుపు కొడితే మీరు తలుపు తీశారు. "సర్దుకుపోవే" అని బస్సెక్కించి వెనక్కి పంపలేదు. ఆ పిల్లలకు అందిన మొదటి వైద్యం అదే.

పిల్లల మీద చెయ్యి చేసుకోలేదు కదా అంటున్నారు. అక్కడే చాలామంది పొరబడతారు. తల్లి దెబ్బలు తింటుంటే గోడ అవతల దుప్పటి కప్పుకుని విన్న పిల్లవాడికి కూడా ఆ దెబ్బ తగిలినట్టే. 1998లో అమెరికాలో ఫెలిట్టి, అండా అనే వైద్యులు చిన్ననాటి కష్టాలు పెద్దయ్యాక ఒంటి మీద, మనసు మీద ఎలా బయటపడతాయో పరిశోధించారు. ఇంట్లో తల్లిని కొట్టడం కూడా వాళ్ళు లెక్కలోకి తీసుకున్న కష్టాల్లో ఒకటి. కాబట్టి మీ అమ్మగారికి మెల్లగా చెప్పండి, పిల్లలు మర్చిపోరు. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తకపోతే, ఇది చెప్పుకోకూడని విషయమని లోపల దాచుకుంటారు. అలా దాచుకున్నదే కడుపునొప్పిగా, పక్క తడపడంగా, కోపంగా బయటికి వస్తుంది.

బాబు సంగతి చూద్దాం. ఆ ఇంట్లో సాయంత్రం బండి చప్పుడు వినబడిందంటే గొడవ మొదలవుతుందని అర్థం. వాడి ఒళ్ళు కొన్నేళ్ళపాటు ఆ పాఠమే నేర్చుకుంది. తిరుపతి వచ్చేశామని వాడికి తెలుసు, ఒంటికి ఇంకా తెలియదు. అందుకే పక్క తడిపినందుకు తిట్టకండి, నలుగురిలో ఎత్తిచూపకండి. పొద్దున్నే దుప్పటి తీసేసి, ఏమీ జరగనట్టు స్నానానికి పంపండి. ఒకసారి పిల్లల డాక్టరుకు చూపించి, మూత్రంలో ఇన్ఫెక్షన్ లాంటిది ఏదీ లేదని తేల్చుకోవడం కూడా అవసరం.

అక్క మీద చెయ్యెత్తినప్పుడు మాత్రం ఊరుకోవద్దు. చెయ్యి పట్టుకుని ఆపండి. "కోపం రావచ్చు నాన్నా, కొట్టడం మాత్రం ఈ ఇంట్లో ఎవరికీ కుదరదు" అనండి. అలా అనేవాళ్ళు వాణ్ణి కొట్టకూడదు మరి. ఇంకొక్కటి, ఇంట్లో ఎవరూ "అచ్చం వాళ్ళ నాయనే" అనకుండా చూడండి. ఆ మాట వింటూ పెరిగిన మగపిల్లలతో నేను కూర్చున్నాను. తమ రక్తంలోనే ఏదో చెడు ఉందని నమ్మేస్తారు. నిజానికి వాడికి ఆ ఇంట్లో తెలిసిన బలం ఒక్కటే. వేరే బలం ఎలా ఉంటుందో మీ ఆయనో, మీ అన్నదమ్ములో కేక వేయకుండా కోపం చూపించి వాడికి చూపించాలి.

మన ఊళ్ళో గంగమ్మ జాతర కథ తెలియని పిల్లలు ఉండరు. ఆడవాళ్ళను వేధించిన పాలెగాణ్ణి అమ్మవారు వేషాలు మార్చుకుంటూ వెతికి చంపిన కథ. ఒక పిల్లవాడు నా ముందు బొమ్మ గీస్తూ గీస్తూ, "మా ఇంటికి గంగమ్మ ఎందుకు రాలేదు?" అని అడిగాడు. నాకు వెంటనే జవాబు దొరకలేదు. కాసేపటికి వాడే, "నేనే అడ్డం పోయుండాల్సింది" అన్నాడు. అప్పుడు వాడికి ఎనిమిదేళ్ళు! కాపాడలేకపోయానన్న తప్పు భారాన్ని పిల్లలు ఇలా మోస్తుంటారు. మీ బాబు అడిగినా అడక్కపోయినా చెప్పండి: "అది నీ వల్ల జరగలేదు. ఆపడం నీ పని కాదు, పెద్దవాళ్ళ పని. మేం ఆలస్యంగా ఆపాం." ఆ చివరి వాక్యం అనడం కష్టమే, తెలుసు. కానీ పిల్లలు దాన్నే నమ్ముతారు.

నాకు ఎక్కువ దిగులు అమ్మాయి గురించే. గొడవ చేసే పిల్లాణ్ణి అందరూ చూస్తారు, నిశ్శబ్దంగా ఉండే పిల్ల బాగానే ఉందనుకుంటారు. ఆమె కాలేజీకి పోనంటే అది మొండితనం కాదు, కాపలా. తాను లేనప్పుడు అమ్మకు ఏమవుతుందోనన్న భయం. "మీ అమ్మను చూసుకోవడానికి నేనున్నాను, నువ్వు వెళ్ళు" అని మీరు చెప్పాలి. మధ్యాహ్నం విరామంలో ఒక ఫోన్ చేసుకునే ఏర్పాటు చేయండి. భయం తగ్గేకొద్దీ ఆ ఫోన్లూ వాటంతట అవే తగ్గుతాయి. చెల్లెలు కూడా తన బాధలన్నీ కూతురితో చెప్పుకోకుండా మీతో చెప్పుకోవాలి. ఒకరోజు ఒంటరిగా కూర్చుని అమ్మాయిని సూటిగా అడగండి, "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?" అని. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడకండి, పుట్టదు. అవునంటే ఆ రాత్రి ఒంటరిగా వదలకండి, మర్నాడే మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్ళండి. తిరుపతిలోని రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. రాత్రీ పగలూ ఎప్పుడైనా 14416కి ఫోన్ చేస్తే టెలి మానస్ వాళ్ళు, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి వాళ్ళు, తెలుగులోనే మాట్లాడతారు.

ఇద్దరికీ కౌన్సెలింగ్ అవసరం. భయం పోగొట్టడానికి పిల్లల కోసమే ఒక పద్ధతి ఉంది, మామూలుగా పన్నెండు నుంచి పదహారు సార్లు కూర్చోవాలి. మొదట్లో జరిగినదాని జోలికి పోరు. ఊపిరి నెమ్మదిగా తీసుకోవడం, కోపానికి, భయానికి పేర్లు పెట్టడం నేర్పుతారు. తట్టుకునే బలం వచ్చాకే, బొమ్మలతోనో మాటలతోనో జరిగింది చెప్పిస్తారు. ఇంట్లో మీరు ఆ పని చేయకండి. "ఆ రోజు ఏమైంది, మళ్ళీ చెప్పు" అని చుట్టాల ముందు అడగడం గాయాన్ని గెలకడమే. వాడు తనంతట తాను చెబితే వినండి, అంతే.

ఇక ఫోన్లు, దసరా. బాబు చేతికి ఆ ఫోన్ ఇవ్వడం ఇవాళే ఆపండి. తండ్రి మీద వాడికి ప్రేమ ఉంటే ఉండనివ్వండి, అది తప్పు కాదు, దానికి తిట్టకండి. కానీ రాయబారం పని పిల్లాడిది కాదు. పెద్దమనుషుల మాట మీద పిల్లల్ని పంపకండి. 2005 నాటి గృహహింస చట్టం కింద మీ చెల్లెలు కేసు వేయడానికి చిత్తూరు పోనక్కర్లేదు, ఇప్పుడు ఉంటున్న తిరుపతిలోనే వేయవచ్చు. పిల్లలు తాత్కాలికంగా తల్లి దగ్గరే ఉండేలా మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వవచ్చు. తండ్రి వచ్చి చూడటం పిల్లలకు హాని అనిపిస్తే దాన్ని కూడా నిరాకరించవచ్చు. ఆడవాళ్ళకు, పిల్లలకు లాయరును ఉచితంగా ఇస్తారు, 15100కి ఫోన్ చేసి అడగండి. మహిళల సహాయవాణి 181కి చేస్తే, హింసకు గురైన ఆడవాళ్ళకు సాయమంతా ఒకేచోట అందించే వన్ స్టాప్ సెంటర్ దగ్గర్లో ఎక్కడుందో చెబుతారు. ఆయన ఇంటి మీదికి వస్తే 112. ఈ నంబరు, పిల్లల కోసం ఉన్న 1098 ఇద్దరికీ నోటికి రావాలి. గొడవ జరిగితే మధ్యలోకి వెళ్ళకుండా పక్కింటికి పరుగెత్తాలని కూడా వాళ్ళకు చెప్పి ఉంచండి. బడిలో హెడ్ మాస్టరు గారికి, బాబును ఎవరెవరికి అప్పగించాలో కాగితం మీద రాసివ్వండి.

ఇవన్నీ ఒక్క రోజులో కావు. ఈ రాత్రికి చేయగలిగింది ఒకటుంది. బండి చప్పుడై వాడు మంచం కిందికి దూరితే, లాగకండి, నవ్వకండి. మీరూ కింద కూర్చోండి. "భయమేసిందా, నేనిక్కడే ఉన్నా" అనండి. బయటికి వచ్చాక ఇద్దరూ కలిసి కిటికీలోంచి చూడండి. ఆ బండి ఎవరిదో వాడే చూసి, వాడి నోటితో వాడే చెప్పేదాకా ఆగండి.