రైలు బొమ్మ ముందు నిలబడినప్పుడు

చి. మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. శాక్రమెంటో రైల్వే మ్యూజియానికి వెళ్తున్నానని, అమెరికా పడమటి వైపు రైలు వచ్చిన కథను బొమ్మల్లో ఎలా చూడాలో చెప్పమని అడిగావు. ఇక్కడికొచ్చిన మన పిల్లల్ని ఏళ్ల తరబడి ఆ గదుల్లో తిప్పినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. రంగుల అందం తర్వాత చూద్దువుగాని. ముందు ఆ బొమ్మ ఎవరి మెప్పు కోసం వేశారో కనుక్కో.

అక్కడ థామస్ హిల్ వేసిన 'ది లాస్ట్ స్పైక్' (చివరి మేకు) అనే బొమ్మ ఉంది. 1869 మే 10న యూటాలోని ప్రొమోంటరీ సమ్మిట్ దగ్గర సెంట్రల్ పసిఫిక్, యూనియన్ పసిఫిక్ అనే రెండు రైలు కంపెనీల పట్టాలు కలిసిన ఘట్టం అది. బొమ్మ పూర్తయింది మాత్రం 1881లో. దాదాపు 70 మంది ముఖాలు గుర్తుపట్టేలా వేశాడు. తొందరపడి సెల్ఫీ దిగి వెళ్లిపోకు. థియొడోర్ జూడా ఎక్కడున్నాడో వెతుకు. కొండల్లో ఈ లైనుకు దారి కనిపెట్టిన ఇంజినీరు ఆయన. 1863లోనే చనిపోయాడు, అయినా బొమ్మలో ఉన్నాడు. సెంట్రల్ పసిఫిక్ పెద్దల్లో ఒకడైన హంటింగ్టన్ ఆ రోజు అక్కడికి రానేలేదు, ఆయనా ఉన్నాడు. మరి సెంట్రల్ పసిఫిక్ కూలీల్లో అత్యధికులైన చైనావాళ్లు? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇది నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. ఆ కంపెనీ అధ్యక్షుడు లీలాండ్ స్టాన్‌ఫర్డ్ వేయమంటేనే వేశానన్నాడు హిల్. స్టాన్‌ఫర్డ్ చివరికి కొననే లేదు.

ఫోటో అయితే ఉన్నదున్నట్టు చూపిస్తుందనుకోకు. ఆ రోజు ఆండ్రూ రస్సెల్ తీసిన ప్రసిద్ధ ఫోటోలో రెండు ఇంజన్లు, కరచాలనాలు, సీసాలు ఉంటాయి. చైనా కూలీల ముఖాలు కనబడవు. కానీ చివరి పట్టా వేస్తున్న చైనా కూలీలను కూడా రస్సెలే తీశాడు. ఆ రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టుకుని చూడు.

తేదీలు కూడా చూసుకోవాలి. ఫానీ పామర్ గీయగా కరియర్ అండ్ ఐవ్స్ అనే బొమ్మల కంపెనీ అచ్చేసిన 'అక్రాస్ ద కాంటినెంట్' 1868 నాటిది. అప్పటికి లైనే పూర్తి కాలేదు, ఆమె పడమటి ప్రాంతం చూడనూ లేదు. అయినా అందులో రైలు దూసుకుపోతుంటుంది, దాని పొగ ఇద్దరు ఆదివాసీ రౌతులను కమ్మేస్తుంటుంది. జాన్ గాస్ట్ 1872లో వేసిన 'అమెరికన్ ప్రోగ్రెస్' కూడా ఈ కోవదే. దాన్ని వేయించింది టూరిస్టు గైడులు అచ్చేసే క్రోఫట్. లాస్ ఏంజెలెస్‌లోని ఆట్రీ మ్యూజియంలో ఉంది. వీలైతే అసలు బొమ్మే చూడు. వెడల్పు అడుగున్నర కూడా ఉండదు, ఆదివాసీలు, అడవిదున్నలు చీకటి అంచుకు పారిపోతుంటారు.

ఈ లైను దాటిన సియెర్రా నెవాడా కొండల్లోని డోనర్ సరస్సును బియర్‌స్టాట్ అనే చిత్రకారుడు 1873లో వేశాడు, ఆ చిత్రం నెట్‌లో దొరుకుతుంది. పెద్దది చేసి కుడివైపు కొండవాలు చూడు. అంత విశాలమైన ప్రకృతిలో రైలు జాడ సన్నగా కనిపిస్తుంది. హంటింగ్టనే వేయించాడు. అక్కడి గ్రానైట్ కొండను తొలిచి సొరంగం చేసినవాళ్లలో ఎక్కువమంది చైనావాళ్లే. వాళ్లు ఇందులోనూ లేరు.

అవతలివాళ్లు, అంటే ఆదివాసీలు గీసిన బొమ్మలు కూడా చూస్తేనే నీ చూపు పూర్తవుతుంది. 1875లో కియోవా, షయాన్ తెగల యోధులను బందీలుగా ఫ్లోరిడాలోని ఫోర్ట్ మారియన్ కోటకు తరలించారు. అక్కడ వాళ్లు పుస్తకాల్లో రంగు పెన్సిళ్లతో గీసిన వాటిలో తమను ఎక్కించిన రైలు కూడా ఉంది. మ్యూజియంలో సిబ్బందిని అడుగు, అలాంటివి ఎక్కడ చూడొచ్చో చెబుతారు. ఒక పూట మొత్తం అట్టిపెట్టుకో, నోటు పుస్తకం మర్చిపోకు. వచ్చాక ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ మామయ్య