గ్రాఫ్ మీద ఏటవాలు భుజాలున్న త్రిభుజానికి వైశాల్యం ఎలా కనుక్కోవాలి?

త్రిభుజం సరిగ్గా ఇమిడేలా చుట్టూ ఒక దీర్ఘచతురస్రం గీసి, దాని వైశాల్యం నుంచి మూలల్లో మిగిలిన ముక్కల వైశాల్యం తీసేస్తే చాలు.

ఏటవాలు గీత గళ్లను అడ్డదిడ్డంగా కోస్తుంది కాబట్టి, లోపలి గళ్లు లెక్కపెడితే ఉజ్జాయింపు మాత్రమే వస్తుంది. బయటి ముక్కలు అలా కాదు. వాటిలో లంబకోణం చేసే రెండు భుజాలూ గ్రాఫ్ గీతల వెంటే ఉంటాయి, కాబట్టి కొలతలు నిరూపకాల తేడాతోనే కచ్చితంగా తెలిసిపోతాయి.

శీర్షాలు (1, 1), (5, 2), (2, 4) అనుకుందాం. దీర్ఘచతురస్రం వెడల్పు 5 − 1 = 4, ఎత్తు 4 − 1 = 3, అంటే వైశాల్యం 12. బయట మూడు లంబకోణ త్రిభుజాలు మిగులుతాయి:

కింద: ½ × 4 × 1 = 2
కుడివైపు పైన: ½ × 3 × 2 = 3
ఎడమవైపు: ½ × 1 × 3 = 1.5

మొత్తం 6.5. కాబట్టి మన త్రిభుజం 12 − 6.5 = 5.5 చదరపు యూనిట్లు.

చాలామంది ఇక్కడే పొరబడతారు. త్రిభుజం అడ్డంగా 4 గళ్లు, నిలువుగా 3 గళ్లు ఉంది కదా అని ½ × 4 × 3 = 6 అని రాసేస్తారు. కానీ ఆ 4 ఏ భుజం పొడవూ కాదు. (1, 1) నుంచి (5, 2) వరకు ఉన్న భుజం ఏటవాలుగా ఉంది, దాని పొడవు √17, అంటే 4 కంటే కాస్త ఎక్కువ. పైగా ఎత్తును ఆ భుజానికి లంబంగా కొలవాలి, గ్రాఫ్ నిలువు గీత వెంట కాదు. ఒక భుజం అడ్డంగానో నిలువుగానో ఉంటేనే గళ్లు లెక్కపెట్టి భూమి, ఎత్తు నేరుగా తీసుకోవచ్చు.