పది రోజుల్లో తేల్చమంటున్నారు, పాప నోరు విప్పడం లేదు

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఉంటాం. మా అమ్మాయి చిన్నప్పటి నుంచి టెన్నిస్ ఆడుతోంది. ఈ ఆగస్టులో ట్వెల్త్ గ్రేడ్‌లోకి వచ్చింది. కాలేజీ క్రీడల్లో పై స్థాయి అయిన డివిజన్ వన్‌లో ఆడే ఒక యూనివర్సిటీ కోచ్ సగం స్కాలర్‌షిప్ ఇస్తామని, పది రోజుల్లో చెప్పమని ఫోన్ చేశారు. మావారు వెంటనే కమిట్ అవ్వమంటున్నారు. ‘ఇప్పుడు సరే అనేద్దాం, ఇంకా మంచిది వస్తే అప్పుడు మారొచ్చు’ అంటారు. మాట్లాడితే టెన్నిస్ ఆటగాడు నిషేశ్ బసవరెడ్డి పేరు ఎత్తుతారు. పాపకేమో ప్రీమెడ్ (మెడికల్ స్కూల్‌కి ముందు చదివే కోర్సులు) చదవాలని, ఒక చిన్న డివిజన్ త్రీ కాలేజీలో చేరాలని ఉంది. అక్కడ ఆటకు స్కాలర్‌షిప్ ఉండదు. ఇన్నేళ్లు అంత ఖర్చు పెట్టింది ఇందుకేనా అని ఆయన బాధ. నాలుగు రోజులుగా తండ్రీకూతుళ్లకు మాటల్లేవు. ఏం చేయాలి?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఆ గడువు గురించి మాట్లాడుకుందాం. ఇంట్లో టెన్షన్ అంతా దాని చుట్టూనే ఉంది.

కోచ్ మిమ్మల్ని బెదిరించడానికి పది రోజులు అనలేదు. 2025 జూలై నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల్ని ఒప్పుకున్న కాలేజీల్లో టెన్నిస్ జట్టులో పదిమందికి మించి ఉండకూడదు. ఏటా చదువు ముగించి వెళ్లేది ఇద్దరో ముగ్గురో. ఆ ఖాళీల కోసం విదేశీ క్రీడాకారిణులూ పోటీ పడతారు, వేరే కాలేజీల నుంచి మారాలనుకునేవాళ్లూ పడతారు. మీరు కాదంటే ఆయన జాబితాలో తర్వాతి అమ్మాయికి ఫోన్ చేయాలి. కాబట్టి గడువు నిజమైనదే. కానీ అది ఆయన అవసరం కోసం పెట్టుకున్నది. మీ అమ్మాయి సిద్ధంగా ఉందా లేదా అనేది దాన్నిబట్టి తేలదు. కారణం చెప్పి మర్యాదగా అడిగితే కొన్ని రోజులు పొడిగించే కోచ్‌లు ఉంటారు. అడగడం తప్పేమీ కాదు.

అయితే ఆ ఫోన్ మీ అమ్మాయే చేయాలి. మీరు గానీ మీవారు గానీ కాదు. రేపు నాలుగేళ్లు ఆ కోచ్ దగ్గర ఆడేది ఆమె. తనకు కావలసింది ఇప్పుడే నోరు తెరిచి అడగలేకపోతే అక్కడికి వెళ్లాక అడగడం ఇంకా కష్టం. ఏం అడగాలో ముందురోజు మీ ముగ్గురూ కూర్చుని కాగితం మీద రాసుకోండి. స్కాలర్‌షిప్ ఏడాదికేనా, నాలుగేళ్లకా? గాయమై ఆడలేకపోతే ఉంటుందా? గత రెండేళ్లలో జట్టు మధ్యలో వదిలేసి వెళ్లినవాళ్లు ఎంతమంది, ఎందుకు వెళ్లారు? జట్టులో ఇప్పుడు ప్రీమెడ్ చదివే అమ్మాయి ఉంటే ఆమెతో మాట్లాడించగలరా? ఈ చివరిది అన్నిటికన్నా ముఖ్యం. సీజన్లో ప్రాక్టీసు, మ్యాచ్‌లు కలిపి వారానికి ఇరవై గంటలు మించకూడదని రూలు ఉంది గానీ, ప్రయాణాల సమయం అందులో లెక్కకు రాదు. కెమిస్ట్రీ, బయాలజీ ల్యాబులు చాలాచోట్ల మధ్యాహ్నాలే పడతాయి, ప్రాక్టీసూ అప్పుడే. ఆ రెండూ ఎలా కుదుర్చుకుంటున్నారో అక్కడ చదువుతున్న పిల్లే నిజం చెబుతుంది. క్యాంపస్ చూడకపోతే అఫీషియల్ విజిట్ అడగండి, అమ్మాయి ప్రయాణం, బస ఖర్చులు కాలేజీయే పెట్టుకోవచ్చు. చూడని ఊరికి నాలుగేళ్లు మాట ఇవ్వమని పదిహేడేళ్ల పిల్లను నేనైతే తొందరపెట్టను.

ఇక మీవారి ఆలోచన. నోటిమాటగా కమిట్ అయితే చట్టపరంగా ఎవరికీ కట్టుబాటు ఉండదన్న మాట నిజమే. కానీ అది అటువైపూ అంతే. కోచ్ ఉద్యోగం మారితే కొత్తగా వచ్చినవాళ్లు ఆ మాట నిలబెట్టాలని లేదు. ఇదివరకు ఫలానా కాలేజీలోనే చేరతానని సంతకం పెట్టే నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్‌ను కూడా 2024 అక్టోబరులో ఎత్తేశారు. ఇప్పుడు గట్టిది స్కాలర్‌షిప్ ఒప్పంద పత్రమే. టెన్నిస్‌లో ఆ సంతకాలు నవంబరులో మొదలవుతాయి. ట్వెల్త్‌కి ముందు ఆగస్టు 1 నుంచి ఆఫర్‌ను రాసి ఇవ్వొచ్చు కాబట్టి, రాసిమ్మని అడగండి. అంతేగానీ మారే ఉద్దేశం మనసులో పెట్టుకుని సరే అనడం మాత్రం వద్దు. తాంబూలాలు పుచ్చుకుని ఇంకో సంబంధం వెతికినట్టు ఉంటుంది. ఆ చోటు కోసం ఎదురుచూస్తున్న మరో పిల్లకు కోచ్ ఈలోగా లేదని చెప్పేస్తారు. పైగా ఆ అబద్ధాన్ని మోయాల్సింది మీ ఆయన కాదు, మీ అమ్మాయి.

నిషేశ్ విషయం కూడా ఆయనతో నెమ్మదిగా మాట్లాడండి. నెల్లూరు మూలాలున్న కుర్రాడు స్టాన్‌ఫోర్డ్‌లో రెండేళ్లు ఆడి, 2024 చివర్లో ప్రొఫెషనల్‌గా మారి, 2025 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో జొకోవిచ్ మీద మొదటి సెట్ గెలిస్తే మనందరికీ గర్వమే. కానీ అతను కాలేజీకి వెళ్లేనాటికే ప్రపంచ జూనియర్లలో ముందువరుసలో ఉన్నాడు. ఆటే అతని వృత్తి. మీ అమ్మాయి డాక్టర్ కావాలనుకుంటోంది. ఆ దారిని ఈ కొలతతో కొలిస్తే ఆమె ఎప్పుడూ తక్కువగానే కనబడుతుంది.

ఆయన బాధను మాత్రం తేలిగ్గా తీసేయకండి. శని, ఆదివారాలు టోర్నమెంట్లకు కారు నడిపిన మనిషి. ఇదివరకు డివిజన్ వన్ మహిళల టెన్నిస్‌లో స్కాలర్‌షిప్ అంటే పూర్తి స్కాలర్‌షిప్పే. ఇప్పుడు సగం అంటుంటే గుండె కలుక్కుమంటుంది. కానీ ఆ ఖర్చు అయిపోయింది. ఎక్కడ చేరినా అది వెనక్కి రాదు. ఇకమీద పెట్టబోయే ఖర్చు లెక్కేయండి. రెండు కాలేజీల వెబ్‌సైట్లలోనూ నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ (సాయం పోను మీకు పడే ఖర్చును అంచనా వేసేది) ఉంటుంది. సగం స్కాలర్‌షిప్ పోగా అక్కడ ఎంత, ఇక్కడ ఎంత అని ఇద్దరూ కలిసి చూడండి. డివిజన్ త్రీలో ఆటకు డబ్బివ్వరు గానీ, కుటుంబ ఆదాయాన్నిబట్టీ కొన్నిచోట్ల మార్కులనుబట్టీ ఇస్తారు. మీ ఇద్దరివీ మంచి జీతాలైతే ఆదాయం మీద వచ్చేది పెద్దగా ఉండకపోవచ్చు. ఎంత మేరకు భరించగలరో అమ్మాయికి దాచకుండా చెప్పండి. డబ్బు మాట చెప్పడం ప్రేమ తగ్గడం కాదు.

పాప కోరుకునే కాలేజీ విషయంలో కూడా నిజం తేలాలి. ఆ కోచ్ ‘నువ్వు బాగా ఆడతావు’ అన్నారా, లేక అడ్మిషన్స్ వాళ్లకు మార్కులు చూపించి ‘ఎర్లీ డెసిషన్‌లో (ఒకే కాలేజీకి ముందుగా పెట్టే దరఖాస్తులో) నిన్ను సపోర్ట్ చేస్తాను’ అన్నారా? రెండింటికీ చాలా దూరం. రెండోది అనకపోతే అది ఇంకా ఆశే. ఎర్లీ డెసిషన్ గడువు సాధారణంగా నవంబరు 1 దగ్గర ఉంటుంది. సీటు వస్తే చేరాల్సిందే, కాబట్టి ఖర్చు లెక్క అంతకుముందే తేలాలి. ఈ వారంలోనే ఆ కోచ్‌కు ఫోన్ చేసి, తనకు వేరే ఆఫర్ ఉందని, గడువు ఫలానా తేదీ అని చెప్పి సూటిగా అడగమనండి.

ఈ జవాబులు వచ్చాక అమ్మాయిని ఒక్కదాన్నే కూర్చోబెట్టుకుని, మొదటి ఏడాదే మోకాలు దెబ్బతిని ఆట ఆగిపోతే ఆ యూనివర్సిటీలో ఉంటావా అని అడగండి. ఉంటానంటే, డబ్బు కుదిరితే, కమిట్ అవ్వడానికి ఇదే సమయం, ఆలస్యం చేయొద్దు. తడబడితే, కోచ్ గడువు పెంచకపోయినా సరే, వద్దని చెప్పించండి. కృతజ్ఞతలు చెప్పి, ఆయన వేరేవాళ్లను చూసుకునేలా గడువు లోపలే చెప్పాలి. ఆ మాట చెప్పేటప్పుడు వాళ్ల నాన్నను పక్కన కూర్చోమనండి, ఆయన మాట్లాడకపోయినా ఫరవాలేదు.