మెట్లు 3,550.. ఫోన్‌లో అడుగులు 12 వేలు!

మా కాలేజీలో రోజూ 10 వేల అడుగులు నడిచి స్క్రీన్‌షాట్ పెట్టమన్నారు. ఆదివారం అలిపిరి నుంచి కొండెక్కాను. మెట్లు 3,550 అంటారు కదా, నా ఫోన్ 12 వేల పైచిలుకు చూపించింది. పక్కనే నడిచిన ఫ్రెండ్ చేతికున్న ఫిట్‌నెస్ బ్యాండ్‌లో 9 వేలే. ఏది కరెక్ట్?
– డిగ్రీ విద్యార్థి, తిరుపతి

మీ ఫోనే నిజానికి దగ్గరగా ఉంది. అలిపిరి దారి సుమారు 9 కిలోమీటర్లు. గాలిగోపురం దాకా మెట్లు ప్రాణం తీస్తాయి గానీ, అది దాటాక చాలా దూరం మామూలు నడకే. మళ్లీ మోకాళ్ల పర్వతం దగ్గర మెట్లు. అడుగుకు 70 సెంటీమీటర్లు వేసుకున్నా మొత్తం 13 వేల దాకా వస్తుంది.

మీ ఫ్రెండ్ బహుశా రెయిలింగ్ పట్టుకుని ఎక్కి ఉంటారు. బ్యాండ్‌లో కదలికను పసిగట్టే సెన్సర్‌కు, అంటే యాక్సెలరోమీటర్‌కు, కాళ్లు కనపడవు. కుదుపు ఒకే లయలో వస్తోందా అన్నదే దానికి తెలుసు. చెయ్యి కదలకపోతే లెక్క తగ్గిపోతుంది. మెట్టుమెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ ఎక్కేవాళ్లను చూసే ఉంటారు: ఒక అడుగు, వంగడం, బొట్టు పెట్టడం, లేవడం, మళ్లీ ఒక అడుగు. నడుము పడిపోయేంత పని. బ్యాండ్ మాత్రం అందులో సగం కూడా లెక్కలోకి తీసుకోకపోవచ్చు. నేను మొన్న రోట్లో పచ్చడి నూరుతుంటే నా బ్యాండ్ రెండొందల అడుగులు కలిపేసింది. పచ్చడి బాగా కుదిరింది, అది వేరే సంగతి.

అసలు ఈ 10 వేలు వైద్య ప్రమాణమేమీ కాదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక పెడోమీటర్ (అడుగులు లెక్కపెట్టే పరికరం) పేరు ‘మాన్‌పో-కెయ్’. అంటే పది వేల అడుగుల మీటర్. ఆ పేరే అలా నిలబడిపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అడుగుల లక్ష్యం పెట్టలేదు, నిమిషాలు చెబుతుంది. పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాలు, కాస్త ఆయాసం వచ్చేలా. పక్కవాళ్లతో మాట్లాడగలిగి, గోవింద నామాలు పాడాలంటే మాత్రం ఊపిరి చాలకపోతే సరైన వేగంలో ఉన్నట్టే. నిమిషానికి సుమారు 100 అడుగుల నడక అది. స్క్రీన్‌షాట్ బదులు నిమిషాలు అడగమని మీ లెక్చరర్‌కు చెప్పి చూడండి. మంచం మీద కూర్చుని ఫోన్ ఊపినా అడుగులు పడతాయని మీ హాస్టల్‌లో ఈపాటికి ఎవరో కనిపెట్టే ఉంటారు.

మా హైస్కూల్ పిల్లలకు ఫోన్లు లేవు, బ్యాండ్లు కొనే బడ్జెట్టూ లేదు. 60 మంది వ్యాయామాన్ని ట్రాక్ చేయడం ఎలా?
– పీఈటీ, చిత్తూరు

సార్, ఫోన్లు లేకపోవడమే మంచిదైంది. మీ ఒక్కరి ఫోన్ చాలు. గూగుల్ షీట్‌లో పేర్లు నిలువుగా, తేదీలు అడ్డంగా పెట్టి ఆడిన నిమిషాలు రాయండి. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఉండాలి. కబడ్డీతో పాటు బడికి సైకిల్ తొక్కుకుంటూ వచ్చిన సమయం కూడా అందులో వేసుకోవచ్చు. మూడు నెలలకోసారి ఫిట్ ఇండియా పరీక్షల్లో ఉన్న 600 మీటర్ల పరుగు, సిట్ అండ్ రీచ్ (కాళ్లు చాపి కూర్చుని చేతులతో ముందుకు వంగడం) పెట్టండి. స్టాప్‌వాచ్, టేపు ఉంటే అయిపోతుంది. పరుగు ఆపగానే మణికట్టు దగ్గర నాడి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయమనండి. వాళ్లకు అది కూడా ఆటే.

ఒక్క జాగ్రత్త. పిల్లల బరువులు కూడా రాసుకుంటే ఆ షీట్‌ను పేరెంట్స్ వాట్సాప్ గ్రూప్‌లో వేయకండి. ‘లావు’ అన్న పేరు పడిన పిల్లాడు మళ్లీ గ్రౌండ్ మొహం చూడడు.

ఫోన్‌లోని స్టెప్స్ యాప్‌లో పొద్దున లెక్క బాగానే వస్తుంది, మధ్యాహ్నానికి ఆగిపోతోంది.
– గృహిణి, తిరుపతి

బహుశా బ్యాటరీ ఆదా కోసం ఫోనే ఆ యాప్‌ను ఆపేస్తోందమ్మా. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే సెట్టింగ్స్‌లో యాప్స్‌కు వెళ్లి, ఆ యాప్ బ్యాటరీ ఆప్షన్‌ను ‘అన్‌రెస్ట్రిక్టెడ్’ చేయండి. పర్మిషన్స్‌లో ‘ఫిజికల్ యాక్టివిటీ’ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఇంట్లో పని చేసేటప్పుడు ఫోన్ టీవీ పక్కన పెట్టేస్తే మాత్రం ఏ సెట్టింగూ పనిచేయదు.