ప్రీమోలార్ కదులుతోందంటే రెస్ట్ ఎటుందో చూడన్నా

అన్నా, కింద రెండు వైపులా దవడ పళ్ళు లేని పేషెంటుకు కోబాల్ట్ క్రోమ్ ఫ్రేమ్ (తీసి పెట్టుకునే కట్టుడు పళ్ళ లోహపు చట్రం) ఇస్తే ప్రీమోలార్ (దవడ పళ్ళకు ముందుండే చిన్న పన్ను) కదులుతోందన్నావు కదా, నువ్వు పెట్టిన ఫోటోలో రెస్ట్ (పన్ను మీద ఆనే ఫ్రేమ్ ముక్క) డిస్టల్ వైపు, అంటే పన్ను వెనక అంచున ఉంది, తంటా అక్కడే. వెనక పన్ను లేదు, చిగురేమో మెత్తన. సంకటి మింగేస్తారు సరే, మన అనంతపురంలో వేరుశెనక్కాయలు నమలకుండా ఉంటారా? నమిలినప్పుడల్లా సాడిల్ (చిగురు మీద కూర్చునే కట్టుడు పళ్ళ భాగం) దిగి, క్లాస్ప్ (పన్నును పట్టుకునే కొక్కెం) కొన పైకి లేచి పన్నును పీకుతుంది. రెస్ట్ మీసియల్‌కు, అంటే ముందు అంచుకు మార్చి ఐ-బార్ (చిగురు వైపు నుంచి వచ్చి పన్నును తాకే క్లాస్ప్) ఇవ్వు, అప్పుడు కొన కిందికి జారి పన్నును వదిలేస్తుంది. వెస్టిబ్యూల్ (బుగ్గకూ చిగురుకూ మధ్య సందు) లోతు లేకుంటే రాట్ వైర్ (సాగదీసిన తీగ) క్లాస్ప్, అండర్‌కట్ (కొనకు పట్టు దొరికే పన్ను లోపలి వంపు) 0.5 మి.మీ.; పోత క్లాస్ప్‌కైతే 0.25 దాటొద్దు. నాలుక ఎత్తించి కొలువు, చిగురంచు నుంచి నోటి అడుగుకు 7 మి.మీ. కూడా లేకుంటే లింగ్వల్ బార్ (నాలుక వైపు రెండు పక్కల్నీ కలిపే కడ్డీ) వద్దు, ప్లేటే (పళ్ళ వెనక దాకా కప్పే రేకు). ముందు ఆ పన్నుకు ఎక్స్‌రే తీయి.