అనంతపురంలో వాన మీద నమ్మకం లేదని తెలిసి కూడా రైతులు వేరుశనగే ఎందుకు వేస్తారు?

ఇక్కడ ఎక్కువగా ఎర్రనేలలు, లోతు తక్కువ. సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర. పడమటి కనుమల చాటున ఉన్నాం కాబట్టి నైరుతి మేఘాలు మా దాకా వచ్చేసరికి చాలావరకు ఖాళీ. ఇలాంటి చోట కొన్నాళ్లు వాన మొహం చాటేసినా తట్టుకుని, చేతికి డబ్బు తెచ్చేవి బుడ్డలే (వేరుశనగను మా వైపు అలాగే అంటాం).

జూన్, జూలైల్లో వానపడి నేల తడిసి పదునైతే చాలు, విత్తనం వేసేస్తారు. అసలు టెన్షన్ ఆ తర్వాతే. పూత అయ్యాక ఊడలు (పూల నుంచి కిందికి సాగే కాడలు, వాటి కొసనే కాయ కడుతుంది) నేలలోకి దిగాలి. అప్పుడు పైమట్టి గట్టిపడితే అవి పైనే ఎండిపోతాయి. ఆ రోజుల్లో మా నాయన పొద్దున్నే ఒక చెట్టు పీకి చూసేవాడు. కాయలు కనిపిస్తే ఇంటికొచ్చి మాట్లాడేవాడు, లేకుంటే దాన్ని ఎద్దు ముందు పడేసి ఊరుకునేవాడు.

కాయ లేకపోయినా కట్టె (ఎండిన వేరుశనగ చెట్టు) మిగులుతుంది. ఎండాకాలం పశువులకు అదే మేత. పంట పోయిన ఏడాది కూడా వామి వేసుకోగలిగామంటే చిన్న విషయం కాదు. మధ్యలో కంది సాళ్లు వేసేది కూడా ఇది పోతే అదైనా అని. బోరున్నవాళ్లు చీనీ (బత్తాయి) పెడతారు, బోరు ఎండితే ఆ తోటా కొట్టేయాల్సిందే.