కస్టమర్ అడిగిన మిల్లీజూల్స్ వేరు, కావలసినవి వేరు

కస్టమర్ కోసం ప్రత్యేకంగా సాలిడ్ స్టేట్ లేజర్ (క్రిస్టల్ లాంటి ఘన పదార్థంతో పనిచేసే లేజర్) డిజైన్ చేసేటప్పుడు ముందు పవర్ చూడాలా, క్రిస్టల్ ఎంచుకోవాలా అని అడిగారు. నన్నడిగితే రెండూ తర్వాతే. ఆ లేజర్ ఏ పని చేయాలి, ఎక్కడ కూర్చోవాలి అన్నది ముందు తేల్చుకోండి.

కొన్నేళ్ల క్రితం మా చిన్న టీమ్‌కి ఒక ఆర్డర్ వచ్చింది. తుక్కులో ఏ ముక్క ఏ మిశ్రమ లోహమో కనిపెట్టే మెషీన్‌కి లేజర్ కావాలి. లేజర్ పల్స్, అంటే క్షణకాలపు వెలుగు, తగిలిన చోట లోహం మీద చిన్న మెరుపు పుడుతుంది, ఆ వెలుగును రంగులుగా విడదీసి చూసే స్పెక్ట్రోమీటర్ అది ఏ లోహమో చదువుతుంది. స్పెసిఫికేషన్‌లో ఒక్కో పల్స్ ఎనర్జీ 100 మిల్లీజూల్స్ అని ఉంది. అంత ఎందుకండీ అంటే, "పాత మెషీన్‌లో అంతే ఉండేది" అన్నారు!

లెక్క వేసి చూపించాం. 10 నానోసెకన్లలో 10 మిల్లీజూల్స్ అంటే 1 మెగావాట్. దాన్ని 200 మైక్రాన్ల చుక్కలోకి ఫోకస్ చేస్తే చదరపు సెంటీమీటరుకు 3 గిగావాట్లు దాటుతుంది. మెరుపు పుట్టడానికి 1 గిగావాట్ అటూ ఇటూ చాలు. ఇక కావలసిందల్లా మంచి బీమ్, పల్స్‌కీ పల్స్‌కీ తేడా రాకపోవడం. 20 మిల్లీజూల్స్‌కి ఒప్పుకున్నారు. దాంతో వాటర్ కూలింగ్ బెడద తప్పింది.

ఆ తర్వాతి తప్పు మాత్రం మాదే. క్రిస్టల్ నియోడిమియం యాగ్, పంపింగ్‌కి, అంటే దానికి వెలుగుతో శక్తి ఎక్కించడానికి, 808 నానోమీటర్ల వేవ్‌లెంగ్త్ ఇచ్చే లేజర్ డయోడ్లు. ఏసీ గదిలో టెస్ట్ చేసి పంపేశాం. అది వెళ్లి కూర్చున్నది రేకుల షెడ్డులో, మే నెలలో. డయోడ్ వేడెక్కితే డిగ్రీకి దాదాపు 0.3 నానోమీటరు చొప్పున వేవ్‌లెంగ్త్ జరుగుతుంది. క్రిస్టల్ బాగా పీల్చుకునేదేమో 808 చుట్టూ ఒకటి రెండు నానోమీటర్ల మేరే. మధ్యాహ్నానికి డయోడ్లను కరెంటుతో చల్లబరిచే పెల్టియర్ కూలర్ చేతులెత్తేసేది, ఎనర్జీ సగానికి పడిపోయేది. పొద్దున మళ్లీ మామూలే! కారణం దొరికేదాకా రెండు వారాలు ఒకటే టెన్షన్.

చివరికి 40 డిగ్రీల దగ్గర 808 ఇచ్చే డయోడ్లు తెప్పించి, వాటిని ఎప్పుడూ ఆ వేడిలోనే ఉంచాం. ఆయుష్షు కొంత తగ్గుతుందని కస్టమర్‌కి ముందే చెప్పాం. మీరైతే డ్రాయింగ్ మొదలుపెట్టకముందే ఒక మధ్యాహ్నం సైట్‌కి వెళ్లి థర్మామీటర్ పెట్టి రండి.

అలాగే దుమ్ము సంగతీ చూసుకోండి. బీమ్ బయటికొచ్చే ఔట్‌పుట్ విండో మీద ధూళి పడితే అక్కడే కోటింగ్ కాలిపోతుంది. మేం దాని ముందు ఊడదీసి మార్చుకునే గాజు పలక ఒకటి బిగించాం. మొదటి నెలలోనే రెండు మార్చారు.